సుగ్గికి పోయిన పాఠం

పత్తిచేలల్లో చివరి తెలుపును ఏరేశాక రాళ్లదిన్నె మీద ఒక నిశ్శబ్దం దిగుతుంది. ఎమ్మిగనూరుకు పడమట, నల్లరేగడి మీద రెండువందల ఇళ్ళ ఊరు అది. డిసెంబరు సగానికొచ్చేసరికి ఇంటింటా మూటలు కడతారు. గిన్నెలు, గోనెసంచులు, టార్పాలిన్ పట్టలు, నాలుగు నెలలకు సరిపడా జొన్నలు. గుంటూరు వైపు మిరపకాయ ఎర్రబడుతుంది. దాన్ని కోసే చేతులు ఇక్కడి నుంచి వెళ్ళాలి. ఆ వెళ్ళడాన్నే ఇక్కడ సుగ్గి అంటారు. క్రిస్మస్ దాటిన మరునాటి నుంచి లారీలు వచ్చి ఊరిని ఎత్తుకుపోతాయి. తాళాలు, ముసలివాళ్ళు, గోడల నీడలు మిగులుతాయి.

లారీలు రాకముందే జోయల్ ఇల్లిల్లూ తిరగాలి. పిల్లల్ని వదిలిపెట్టి పొమ్మని అడగాలి. ఈ ఊళ్ళో చదువు చెప్పేవాడి పని పాఠంతో కాదు, ఈ అడగడంతో మొదలవుతుంది. జోయల్ కోసం కూడా ఒకప్పుడు ఒకరు అడిగారు.

అప్పుడతనికి తొమ్మిదేళ్ళు. నాన్న కృపానందం గుడిసె ముందు తాడుతో మూట బిగిస్తున్నాడు. ఊరి బడి పంతులు మద్దయ్య సార్ వచ్చి, ఎండలోనే నిలబడి, "ఈ పిల్లోన్ని నాకు వదిలిపెట్టప్పా" అన్నాడు.

"వీడు లేకుంటే గోనెసంచి నోరు ఎవురు పట్టాల సార్?"

"నీ సంచికి నోరు పట్టేకి నేను రాలేను గానీ, వీని నోట్లో నాలుగక్షరాలు ఏసేకి వస్తాను. ఆడ మిరపకాయ వీడు లేకున్నా ఎర్రగయితాదిలే."

కృపానందం నవ్వాడు. ఆ నవ్వుతోనే తాడు వదిలేశాడు. జోయల్ అవ్వ దగ్గర ఉండిపోయాడు. అమ్మ లారీలో నుంచి చెయ్యి ఊపుతుంటే, ఆ చెయ్యి చిన్నదై, చుక్కై, ధూళిలో ధూళి అయ్యేదాకా చూశాడు. ఆ రోజు అతనికి బడి మీద కోపం వచ్చింది. బడి లేకపోతే తనూ ఆ లారీలో ఉండేవాడు.

నలభైమంది పేర్లున్న రిజిస్టరులో ఆ నాలుగు నెలలూ పలికేవాళ్ళు పద్నాలుగు మంది. మద్దయ్య సార్ మాత్రం అన్ని పేర్లూ పిలిచేవాడు. లేని పిల్లవాడి పేరు పిలిచి, ఒక ఊపిరి ఆగి, తర్వాతి పేరుకు పోయేవాడు. తర్వాత ఇంగ్లీషు. పుస్తకం లేదు. తలుపును తట్టి 'డోర్' అనేవాడు, కిటికీ ఊచను పట్టుకుని 'విండో' అనేవాడు. ఒకరోజు ఏం చేస్తున్నావని అడిగితే, అన్నం తింటున్నానని చెప్పబోయి జోయల్ "ఐ యామ్ రైస్" అన్నాడు. 'నేనే అన్నాన్ని' అన్నట్టు! తరగతి విరగబడి నవ్వింది. వారం రోజులు అతని పేరు రైస్. మద్దయ్య సార్ కూడా నవ్వి, నవ్వుతూనే అతని తల మీద చెయ్యి వేసి, సరైన వాక్యాన్ని చెవిలో చెప్పాడు. సుద్దపొడి అంటిన చెయ్యి. నెత్తి మీద తెల్లటి గుర్తు. ఆ మాటను జోయల్ జీవితంలో మళ్ళీ తప్పు పలకలేదు.

ఆ తర్వాత ఇంటరూ డిగ్రీ ఆదోనిలో. పత్తి మిల్లుల వెనక అద్దెగది. కిటికీ తెరిస్తే దూది నూగు గాలిలో తేలుతూ వచ్చి పుస్తకం మీద వాలేది; వాక్యాల మీద మంచు పడ్డట్టు ఉండేది. బీఎడ్ చేశాడు. సర్కారు ఉద్యోగానికి మూడుసార్లు రాశాడు, మూడుసార్లూ కొద్దిలో పోయింది. ఆదోనిలోనే ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరి, ప్రేమలతను పెళ్ళి చేసుకుని, రాళ్లదిన్నె నుంచే బస్సులో తిరిగాడు. బస్సుకు ముందు తెల్లవారుజామున, చర్చి పక్క గదిలో ఊరి పిల్లలకు ఉచితంగా ఇంగ్లీషు చెప్పేవాడు. ప్రతి డిసెంబరులో మద్దయ్య సార్ లాగే ఇళ్ళ ముందు నిలబడేవాడు. సార్ పోయాక ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా అనుకున్నాడు. పదిమందిని అడిగితే ముగ్గురు మిగిలేవాళ్ళు. ఆ ముగ్గురి అమ్మల దగ్గర తిట్లు తినేవాడు.

కరోనా వచ్చిన ఏడు ఆదోని బడి మూతపడింది. తెరిచినప్పుడు అతన్ని పిలవలేదు. ఎమ్మిగనూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ, చర్చి పక్క గదిలోకి పిల్లల్ని రానివ్వని ఆ రోజుల్లో, ఫోన్లో పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. వాట్సాప్‌లో ఒక గ్రూపు. పొద్దున ఐదింటికి చర్చి వెనక వేపచెట్టు కింద కూర్చుని పది నిమిషాల పాఠం గొంతుతో రికార్డు చేసేవాడు. మొదట పిట్టల కూతలు, తర్వాత అతని గొంతు. 'రిపీట్ ఆఫ్టర్ మీ' అని ఒక వాక్యం చెప్పి, పిల్లలు దాన్ని మళ్ళీ చెప్పడానికి కాస్త ఆగి, 'వెరీ గుడ్' అనేవాడు. పిల్లలు తిరిగి తమ గొంతులు పంపేవాళ్ళు.

ఆ ఏడు సుగ్గికి పోయిన పిల్లల నుంచి కూడా గొంతులు వచ్చాయి. జోయల్ నమ్మలేకపోయాడు. ఎక్కడో నాలుగువందల కిలోమీటర్ల అవతల కాలువగట్టు మీద నిలబడి ఒక పిల్ల 'గుడ్ మార్నింగ్ సార్' అంటోంది. దాని వెనక మోటారు చప్పుడు, ఎవరిదో దగ్గు, ఎవరో నీళ్ళు తెమ్మని అరవడం. ఇన్నేళ్ళూ లారీ వెనక ధూళిలో పోగొట్టుకున్న పిల్లలు ఒక్కొక్కరూ అతని అరచేతిలోకి తిరిగి వస్తున్నారు. తన గొంతుకు కాళ్ళొచ్చాయనుకున్నాడు. ప్రేమలతకు ఫోను చెవిదగ్గర పెట్టి వినిపించి, ఆమె చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. ఊరు అతన్ని మెచ్చుకుంది. బడులు తెరిచాక కూడా ఫోను పాఠం ఆపలేదు. ఎందుకు ఆపాలి?

ఒక సంగతి మాత్రం లోపల ముల్లులా ఉండేది. ఫోన్లో ఏ పిల్లా తప్పు చెప్పేది కాదు. తప్పు వస్తే చెరిపేసి, మళ్ళీ చెప్పి, బాగా వచ్చిందే పంపేవాళ్ళు. ఆ చెరిపేసిన తప్పులన్నీ ఎక్కడికి పోతున్నాయో అతనికి తెలియదు. వాటిని విన్నవాళ్ళు లేరు, నవ్వినవాళ్ళు లేరు. తల మీద చెయ్యి వేసేవాళ్ళు లేరు.

మాదన్న, సుంకమ్మల కూతురు రేణుక. ఆ పిల్ల ఎనిమిదిలో ఉన్నప్పుడు, తొమ్మిదిలో ఉన్నప్పుడు జోయల్ అడిగితే వాళ్ళు అవ్వ దగ్గర వదిలిపెట్టారు. చర్చి పక్క గదిలో మొదటి వరుసలో కూర్చునేది. అర్థం కాకపోతే కింది పెదవిని పళ్ళతో పట్టుకునేది. జోయల్ అది చూసి, ఆ వాక్యాన్ని ఇంకోలా చెప్పేవాడు. నిరుడు పదో తరగతి. మార్చిలో పరీక్షలు. మొదటిసారికే పాసైతే ఆదోనిలో ఇంటరు చదువుతానంది. ఇంటి నుంచి అంత దూరం చదువుకోబోతున్న మొదటి పిల్ల. ఈ ఒక్క ఇంటికీ రెండుసార్లు వెళ్ళైనా ఒప్పించాలని జోయల్ అనుకున్నాడు.

వెళ్ళేసరికి మాదన్న టార్పాలిన్ మడుస్తున్నాడు. రేణుక గడప మీద కూర్చుని ఫోను చెవిదగ్గర పెట్టుకుని ఉంది. అందులోంచి జోయల్ గొంతే వస్తోంది, ఆ పొద్దుటి పాఠం. తన గొంతు మీద తనే మాట్లాడవలసి వచ్చింది.

"మాదన్నా, ఈసారి కూడా పాపను వదిలిపెట్టు. పది గదా. మూడు నెలల్లో పరీచ్చలు."

"వదిలిపెట్టేది యాల సార్?" మాదన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీ కలాసు మాతోనే వస్తాంది గదా."

"వచ్చేది నా గొంతే మాదన్నా. బడి రాదు."

"గొంతే గదా సార్ పాఠం సెప్పేది. నీ సెయ్యేమన్నా సెప్తాదా?"

లోపలినుంచి సుంకమ్మ అందుకుంది. "సెయ్యి కొట్టేకి గావాలంటాడేమో. ఫోన్ల నుంచి దెబ్బలు ఏసేకి రాదు గదా, సార్‌కు సేతులు దురద పెడతాండాయి."

రేణుక కూడా నవ్వింది. జోయల్ నవ్వలేకపోయాడు.

"లెక్కలు ఎవురు సెప్తారమ్మా? సైన్సు?"

"అవి గూడా ఉంటాయంట సార్ సెల్లులో. అన్నీ ఉంటాయంట." మాదన్న టార్పాలిన్ పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "సార్, నువ్వు అడిగితే రెండేండ్లు ఇడిసిపెట్టి పోతిమి. ఆడ ఈమె దినామూ ఏడ్సేది. కూడు కలిపి పెట్టుకోని, పాప తిన్నెదో లేదో అని ముద్ద దిగదు. కలాసు ఈడుంది గాబట్టి పాప ఈడుండాల అంటివి, సరే అంటిమి. ఇప్పుడు మాకూ పెద్ద సెల్లొచ్చె, కలాసు యాడికంటే ఆడికి వస్తాది. నువ్వే సేసిచ్చినావు ఆ దావ. నీకు పుణ్యముంటాది సార్. తల్లీబిడ్డా ఒకతావ ఉంటారు."

జోయల్ ఆ ఇంటి ముందు నిలబడి, ఎన్నో ఏళ్ళుగా తన చేతిలో ఉన్న ఒకే ఒక్క మాట కోసం వెతికాడు. 'క్లాసు ఇక్కడ ఉంది.' ఆ మాట ఇక లేదు. చిన్న మాటే, ఒక పిల్లను ఊరికి కట్టేయగలిగిన తాడు. దాన్ని తనే విప్పేశాడు, ప్రేమతో, పొద్దున ఐదింటికి లేచి.

"నేను ఒక్క పాఠం గూడా ఇడ్సను సార్, ప్రామిస్" అంది రేణుక. ఆమె ముఖంలో దిగులు లేదు. అమ్మతో వెళుతున్నందుకు సంతోషం ఉంది. దాన్ని ఏమని తప్పుపట్టాలి?

లారీ వెళ్ళింది. ఆ ఏడు జోయల్ అడిగిన పదకొండు ఇళ్ళలో ఒక్కరూ పిల్లను వదల్లేదు.

జనవరిలో రేణుక మాట నిలబెట్టుకుంది. ప్రతి సాయంత్రం ఆమె గొంతు వచ్చేది. 'ఐ యామ్ స్టాండింగ్ ఇన్ ద చిల్లీ ఫీల్డ్' అనేది. చుట్టూ ఏం కనిపిస్తే అది ఇంగ్లీషులో చెప్పమంటే ఎర్రటి కాయలు, తెల్లటి కొంగలు, నల్లటి పైపులు చెప్పేది. ఆ వాక్యాలు మంచివి. గదిలో కూర్చున్న రోజుల్లో కూడా ఆమె అంత మంచి వాక్యాలు చెప్పలేదు. జోయల్ ఒక్కొక్కటీ రెండుసార్లు వినేవాడు. వింటూ కింది పెదవి పళ్ళ మధ్య ఉందో లేదో ఊహించడానికి ప్రయత్నించేవాడు. గొంతుకు పెదవి ఉండదు.

ఫిబ్రవరిలో గొంతులు పలచబడ్డాయి. రెండురోజులకొకటి, నాలుగురోజులకొకటి. ఒక్కోసారి వారం మౌనం తర్వాత సిగ్నలు దొరికి అన్నీ ఒకేసారి రాలిపడేవి, వడగళ్ళలా. వాటిలో దగ్గు ఎక్కువైంది. మిరప ఘాటు గొంతులో కూర్చుంటుంది. 'లెక్కలు చేస్తున్నావా?' అని అడిగితే జవాబు వచ్చేది కాదు. ఇంగ్లీషు వాక్యం వచ్చేది.

చర్చి పక్క గదిలో ఆ పొద్దులు, సుగ్గికి పోని ఇళ్ళ నుంచి ఐదుగురు పిల్లలు. చాప మీద మిగిలిన స్థలం ఒక పొలంలా పరుచుకుని ఉండేది. వాళ్ళకు పాఠం చెబుతూ జోయల్ మధ్యలో ఆగిపోయేవాడు. ఎందుకాగాడో పిల్లలకు తెలిసేది కాదు.

ఫిబ్రవరి చివర, ఒక పొద్దున ఎమ్మిగనూరులో బస్సెక్కి, కర్నూలులో మారి, గుంటూరు అవతల దిగి, అడుగుతూ అడుగుతూ మరునాడు ఆ చేను చేరుకున్నాడు. ఎంత దూరం చూసినా ఎరుపే. నేలకు జ్వరం వచ్చినట్టు. ముఠా మేస్త్రీ గోవిందన్న అతన్ని చూసి కేక వేశాడు.

"ఓ! ఫోన్ల సార్ బయటికొచ్చినాడప్పో!"

వరుసల్లో వంగి ఉన్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. రేణుక మెడలో ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. కవరులో ఫోను. ఫోన్లో జోయల్. వారం కిందటి పాఠం నడుస్తోంది. 'రిపీట్ ఆఫ్టర్ మీ' అంది ఆ గొంతు. 'ద సన్ ఈజ్ హాట్.' ఇరవైమంది ఆడవాళ్ళు, కాయ తెంపుతూ, నోటికి కొంగు కట్టుకుని, ఒక్కసారిగా 'ద సన్ ఈజ్ హాట్' అన్నారు. కాస్త నిశ్శబ్దం. తర్వాత ఆ గొంతు 'వెరీ గుడ్' అంది.

"సూస్తివా సార్, మేమందరమూ గుడ్డే!" సుంకమ్మ పగలబడి నవ్వింది. "నేనైతే ఒకనాడు తప్పు సెప్తి. అయినా గుడ్డే అనె. ఒకనాడు నోరే తెరవలేదు. అయినా గుడ్డే. నీయంత మంచి సార్ యాడా లేడప్పా."

జోయల్ తన గొంతును విన్నాడు. ఎంత దయగా ఉంది. ఎంత నమ్మకంగా ఉంది. ఎవరు విన్నారో, ఎవరికి అర్థమైందో, ఎవరికి ఏడుపొస్తోందో దానికి తెలియదు. తెలియకుండానే అందరినీ మెచ్చుకుంటోంది.

గట్టు మీద రేణుకతో కూర్చున్నాడు. ఆమె వేళ్ళ చివర్లు ఉబ్బి ఉన్నాయి. మజ్జిగలో ముంచుకుంటే మంట తగ్గుతుందని చెప్పింది, అతను అడక్కుండానే.

"పరీచ్చలకు ఇంకా ఇరవైరోజులుంది రేణుకా. నాతో వచ్చెయ్. మా ఇంట్లో ఉందువు. ప్రేమలతక్క ఉంది గదా. లెక్కల సార్‌తో నేను మాట్లాడతాను."

రేణుక తల వంచుకుంది. కింది పెదవి పళ్ళ మధ్య ఉంది. ఇన్నాళ్ళకు జోయల్ దాన్ని చూశాడు. అంటే ఆమెకు అర్థం కానిదేదో ఉంది. దాన్ని ఇంకోలా చెప్పడానికి తన దగ్గర మాట లేదు.

"లెక్కల పుస్తకం తెరిసి రెండు నెలలాయె సార్. ఈడికి వచ్చినంక ఒకనాడు తెరిస్తి. ఏమీ తెలీలే. సెల్లులో సూస్తే ఆయన బిరబిరా చెప్పుకుంట పోతాడు. ఆపి అడిగేకి రాదు." ఆగింది. "వచ్చి ఏం రాసేది సార్?"

"కొంచెం కొంచెం చూసుకుందాంలేమ్మా."

ఆమె తలెత్తి చూసింది. "పరీచ్చ గూడా ఫోన్లో పెట్టరా సార్?"

వెక్కిరింపు కాదు. ఆమె నిజంగానే అడిగింది. పాఠం ఇంత దూరం రాగలిగినప్పుడు పరీక్ష మాత్రం ఎందుకు రాలేదో ఆమెకు తెలియదు. అది చెప్పవలసినవాడు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. జోయల్ చేను వైపు చూశాడు. ఎండలో ఎరుపు కదిలింది.

మాదన్న బస్సు దాకా వచ్చాడు. "నువ్వు ఇంత దూరం రావాల్నా సార్? ఒక మెసేజి పెడితే సాలదా?" అన్నాడు, ప్రేమగా.

మార్చిలో పరీక్షలు వచ్చాయి, పోయాయి. ఇంగ్లీషు పరీక్ష రోజు జోయల్ ఎమ్మిగనూరులో పరీక్ష జరిగే బడి గేటు దగ్గర నిలబడ్డాడు. గేటు మూసేశాక కూడా కాసేపు ఉన్నాడు. ఎండ నెత్తికెక్కాక ట్యూషనుకు వెళ్ళాడు.

ఉగాది తర్వాత ఊరు తిరిగొచ్చింది. తప్పినవాళ్ళకు, రాయనివాళ్ళకు మళ్ళీ పెట్టే పరీక్షలు రేణుక రాసింది. ఆ నెలన్నర రోజూ చర్చి పక్క గదికి వచ్చింది. జోయల్ తనకు రాని లెక్కలు కూడా ఎవరినో అడిగి నేర్చుకుని చెప్పాడు. ఆమె వినేది. కానీ ఆమెలో ఏదో మారింది. అర్థం కాకపోతే ఇప్పుడు పెదవిని పట్టుకోవడం లేదు. ముఖం కదలకుండా కూర్చుంటోంది. గుడ్ అంటే చాలు అన్నట్టు ఎదురుచూస్తోంది.

ఫలితాలు మాదన్న ఫోన్లోనే వచ్చాయి. ఇంగ్లీషులో డెబ్బైఎనిమిది. తెలుగు, హిందీ, సోషలు గట్టెక్కాయి. లెక్కల్లో తొమ్మిది. సైన్సులో పద్నాలుగు. తప్పింది.

ఆ సాయంత్రం మాదన్న టెంకాయ కొట్టి ముక్కలు పంచుతూ వచ్చాడు. మొక్కు తీర్చుకోవడానికి ఉరుకుంద ఈరన్న గుడికి కూడా పోతున్నాడట.

"తప్పింది గదా మాదన్నా" అన్నాడు జోయల్.

"అట్లంటావేమి సార్! ఇంగ్లీషులో డెబ్బైఎనిమిది! మనూర్లో ఎవురికి వచ్చినాయి? లెక్కలు నాకు గూడా రావు, నేను బతకలేదా? మిరపసేన్ల నిలబడి, బడి మొగం సూడకుండా, నీ ఫోన్‌తోనే నా బిడ్డ ఇంగ్లీషు పాసాయె. అందరికీ సెప్తాండా సార్ నీ పేరు."

అందరికీ చెప్పాడు. టీ కొట్టు దగ్గర, చర్చి మెట్ల మీద, బస్సులో జోయల్‌కు చేతులు కలిపారు. కృపానందం కొడుకు గొప్పవాడయ్యాడన్నారు. సుగ్గిలో ఉండి కూడా చదవొచ్చని రుజువు చేశాడన్నారు. ప్రతి మెచ్చుకోలూ ఒక తలుపు మూసుకుంటున్న చప్పుడులా అతనికి వినిపించింది.

రేణుక ఒక్కసారే వచ్చింది. ఇంగ్లీషు పుస్తకం తిరిగివ్వడానికి. గడప దాటలేదు.

"మళ్ళీ రాయొచ్చు రేణుకా. రెండే గదా మిగిలింది" అన్నాడు జోయల్.

"మీ పాఠమొకటే నాతో వచ్చె సార్" అంది. నింద లేదు ఆ మాటలో. వానలెట్లున్నాయో చెప్పినట్టు చెప్పింది. "తక్కినవన్నీ ఈడనే ఉండిపాయె."

వర్షాకాలంలో విత్తనపత్తి చేలల్లో పూలు దాటించే పనికి పోయింది. మగపువ్వును ఆడపువ్వుకు రాసే పని అది. చిన్న వేళ్ళు కావాలి. దారిలో ఎదురైతే నవ్వేది.

ఈ డిసెంబరులో జోయల్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. ప్రేమలతకు చెప్పి, ఫోనులో గ్రూపు తీసేశాడు. పొద్దున ఐదింటికి అలవాటుగా లేచి, చేసే పని లేక, వేపచెట్టు కింద కూర్చున్నాడు. తర్వాత ఇళ్ళకు బయలుదేరాడు. 'ఈ ఏడు ఫోన్లో పాఠం ఉండదు. క్లాసు ఇక్కడే. పిల్లలు ఇక్కడుంటేనే' అని చెప్పాలి. పోగొట్టుకున్న మాటను మళ్ళీ తెచ్చుకోవాలి.

మొదటి ఇల్లు హుసేనప్పది. అతని కూతురు ఆరో తరగతి. జోయల్ చెప్పింది హుసేనప్ప శాంతంగా విన్నాడు.

"కోపమొచ్చిందా సార్? ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"కోపం కాదు హుసేనప్పా. రేణుకకు ఏమైందో సూడలేదా?"

"సూసినాం గదా. డెబ్బైఎనిమిది." హుసేనప్ప నవ్వి, జేబులోంచి ఫోను తీశాడు. "పోనీలే సార్, నువ్వు అలిసిపోయినట్లుండావు. రెస్టు తీసుకో. ఇదో, ఈమె ఉండాది. పిల్ల దినామూ ఈమెదే ఇంటాంది."

తెర మీద ఒక యువతి. వెనక నీలంగోడ, ముందు పూలకుండీ. తెల్లటి పళ్ళతో నవ్వుతోంది. ఏ ఊరిదో తెలియదు. 'హాయ్ ఫ్రెండ్స్, హౌ ఆర్ యూ టుడే?' అంది. చాలా బాగా మాట్లాడుతోంది. జోయల్ కంటే బాగా. అతను అది ఒప్పుకున్నాడు.

"దుడ్డు ఇచ్చేది లేదు, ఏమీ లేదు. ఒకటికి పదిసార్లు సెప్పమన్నా సెప్తాది" అన్నాడు హుసేనప్ప. తర్వాత, నొప్పించాలని కాదు, హాస్యానికే అన్నాడు: "ఇంకోటి సార్. ఈయమ్మ నీ మాదిరి ఇంటికొచ్చి, పిల్లను ఇడిసిపెట్టి పోండి అని పీక్కతినదు."

జోయల్ మిగిలిన ఇళ్ళకు వెళ్ళాడు. రెండిళ్ళలో నీళ్ళిచ్చారు. ఒక ఇంట్లో తెర మీంచి కళ్ళెత్తని పిల్లతో పేరు కూడా చెప్పించుకోలేకపోయాడు. చివరి ఇంటి దగ్గర తలుపు తట్టకుండానే తిరిగొచ్చాడు.

క్రిస్మస్ మరునాడు లారీలు వచ్చాయి. చర్చి ముందు ఇంకా రంగుకాగితాలు వేలాడుతున్నాయి. మూటలు ఎక్కాయి, మేకలు ఎక్కాయి, పిల్లలు ఎక్కారు. రేణుక వెనకవైపు, అమ్మ పక్కన, గోనెల మీద కూర్చుంది. పరీక్ష గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ ఏడు పది చదువుతున్న పిల్లలు ఇద్దరు పుస్తకాల సంచులు తెచ్చుకున్నారు. వాటిని జొన్నల బస్తా కింద, నలగకుండా జాగ్రత్తగా పెట్టారు.

జోయల్ పక్కకు జరిగి దారిచ్చాడు. లారీ కదిలింది. గోనెల మీద, హుసేనప్ప కూతురి ఒళ్ళో, ఆ యువతి నవ్వుతూ ఎలా ఉన్నారని అడుగుతోంది. ఆ పిల్ల చెంపలు ఎర్రబడేలా గట్టిగా, ముద్దుగా, తెర వైపు చూస్తూ "ఐ యామ్ ఫైన్, థ్యాంక్యూ" అంది.

తెర మీది మనిషి వినలేదు. తర్వాతి వాక్యానికి వెళ్ళిపోయింది. విన్నది రోడ్డు పక్కన నిలబడ్డ జోయల్ ఒక్కడే. ఆ పిల్ల అతని వైపు చూడలేదు.